ఒకే తొట్టిలో రెండు మూడు రకాల పూలు: మన నెల్లూరు, ఒంగోలు ఎండల్లో నిలబడేలా ఎలా నాటాలి

"నర్సరీ నుంచి తెచ్చినప్పుడు కళకళలాడుతున్నాయి. ఇరవై రోజులకి సగం పోయాయి. ఏం తప్పు చేశాను?" నన్ను ఎవరో ఒకరు ఇలా అడగని వారం లేదు. అడిగేవాళ్లలో ఎక్కువమంది చేసిన తప్పు ఒకటే. ఫోన్‌లో ఒక ఫొటో చూసి, అందులో ఉన్న రంగులన్నీ కొనుక్కొచ్చి ఒకే తొట్టిలో పెట్టేశారు. రంగు చూసి జత కలిపారు గాని దాహం చూసి కలపలేదు.

పెట్యూనియాకి మట్టి ఎప్పుడూ కాస్త చెమ్మగా ఉండాలి. టేబుల్ రోజ్‌కి (మన దగ్గర కొందరు నాచు పూలంటారు) మట్టి ఎండితేనే హాయి. రెంటినీ పక్కపక్కన పెట్టి రోజూ నీళ్లు పోస్తే టేబుల్ రోజ్ కుళ్లుతుంది, మానేస్తే పెట్యూనియా వాడుతుంది. మీ చెయ్యి మంచిదా కాదా అన్న గొడవే లేదు ఇక్కడ. ఒకే దాహం, ఒకే ఎండ కోరే మొక్కల్ని జత చేస్తే చాలు, మిగతాది ఎవరైనా చేసుకోవచ్చు.

ముందు నెల చూసుకోండి

హైదరాబాద్ వాళ్లు వీడియోల్లో చెప్పే నెలలు మనకి సరిపోవు. వాళ్లకి జూన్‌లో వాన మొదలవుతుంది. మనకి జూన్‌లో ఇంకా వడగాలే. నెల్లూరు జిల్లాలో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబర్, నవంబర్, డిసెంబర్ నెలల్లోనే పడుతుంది. అందుకని ఇక్కడ ఏడాదికి రెండు నాట్లు పెట్టుకోవాలి.

చలి నాటు: పెద్ద వానలు తగ్గాక, నవంబర్ చివరి నుంచి డిసెంబర్ రెండో వారం లోపు. ఇది ఫిబ్రవరి దాకా పూస్తుంది, అదృష్టం ఉంటే మార్చి మొదటి వారం వరకు.

ఎండ నాటు: శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా, అప్పుడు. ఫిబ్రవరి చివర్లో నాటితే మొక్క వేసవి ముదిరేలోగా వేళ్లూనుకుంటుంది, సెప్టెంబర్ దాకా పూస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో కొత్తగా నాటకండి. రోహిణి కార్తెలో నాటిన లేత మొక్కని బతికించడం నా వల్ల కూడా కాలేదు.

ఏమేం కావాలి

- 14 అంగుళాల వెడల్పు, అడుగు లోతున్న తొట్టి. సిమెంటుదైనా, మట్టిదైనా, లేత రంగు ప్లాస్టిక్‌దైనా సరే. నల్ల ప్లాస్టిక్ మాత్రం మిద్దె మీద మధ్యాహ్నానికి పెనంలా కాలిపోతుంది. అదే ఉంటే చుట్టూ గోనె సంచి కట్టండి.
- ఎర్రమట్టి 2 వంతులు, బాగా మాగిన పశువుల ఎరువు 1 వంతు, కొబ్బరి పొట్టు 1 వంతు
- వేపపిండి ఒక గుప్పెడు
- తొట్టి కింద పెట్టడానికి ఇటుకలు
- మొక్కలు 4 నుంచి 6 (అంచున గుచ్చే టేబుల్ రోజ్ కొమ్మలు కాక). ఇంకా ఎక్కువ వద్దు.

కావలి, పొదలకూరు వైపు వాళ్లకి ఎర్రమట్టి సులువుగా దొరుకుతుంది. ఒంగోలు చుట్టుపక్కల ఉన్నది నల్లరేగడి. దాన్ని ఒక్కదాన్నే నింపితే వానకి బంకలా ముద్దవుతుంది, ఎండకి పగుళ్లిస్తుంది. వేరే దారి లేకపోతే రేగడి 1 వంతు, ఇసుక 1 వంతు, కొబ్బరి పొట్టు 1 వంతు, ఎరువు 1 వంతు కలపండి. ఇసుక అంటే ఇల్లు కట్టడానికి వాడే ఏటి ఇసుక. మైపాడు నుంచో, కొత్తపట్నం నుంచో సముద్రపు ఇసుక సంచిలో పట్టుకొచ్చేవాళ్లున్నారు. దాంట్లో ఉప్పు ఉంటుంది, వద్దు.

కొబ్బరి పొట్టులోనూ ఉప్పు ఉండొచ్చు. ఇటుకలా వచ్చినదాన్ని బకెట్ నీళ్లలో నానేసి, పిండి, ఆ నీళ్లు పారబోసి, ఇంకోసారి కూడా అలాగే చేసి వాడండి.

ఏది దేనితో కలపాలి

అసలు పని ఇక్కడే ఉంది. తీరిగ్గా చదవండి.

*జత 1: మండుటెండకి, తక్కువ నీళ్లకి.* మధ్యలో గాంఫ్రీనా ఒకటి (గుండ్రంగా, కాగితం పూలలా ఉండి కోశాక కూడా రంగు పోనిది). దాని చుట్టూ బిళ్లగన్నేరు మూడు. అంచుల్లో టేబుల్ రోజ్ కొమ్మలు ఐదారు గుచ్చేయండి, వేళ్లు లేకపోయినా బతుకుతాయి. మిద్దె మీద రోజంతా ఎండ పడే చోటుకి ఇంతకన్నా మంచి జత నాకు కనపడలేదు. బోరు నీళ్లు కాస్త ఉప్పగా ఉన్న ఇళ్లకి కూడా ఇదే చెప్తాను. బిళ్లగన్నేరు సముద్రం ఒడ్డున ఇసుకలో కూడా బతికే మొక్క. "అది శ్మశానాల దగ్గర పెరిగేది, ఇంట్లో ఎందుకు" అని మొహం తిప్పుకునేవాళ్లుంటారు. ఇప్పుడొచ్చే రకాల్లో తెలుపు మధ్య ఎర్ర బొట్టుది, లేత నారింజది ఒకసారి చూసి మాట్లాడమనండి.

ఒక హెచ్చరిక. బిళ్లగన్నేరు ఆకు, పువ్వు, వేరు అన్నీ విషమే. దాన్నుంచి తీసే మందు క్యాన్సర్ వైద్యంలో వాడతారు, అంత బలమైన మొక్క అది. షుగర్ తగ్గుతుందని పొద్దున్నే ఆకు నమిలేవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. అలా చేయొద్దు. నేల మీద పాకే పిల్లలున్న ఇంట్లో ఈ తొట్టిని అందని ఎత్తులో పెట్టండి.

*జత 2: చలికాలానికి, రోజూ నీళ్లకి.* మధ్యలో ఎర్ర సాల్వియా ఒకటి, చుట్టూ చిన్న బంతి రెండు, అంచున పెట్యూనియా రెండు. బంతి అంటే మాలలు కట్టే ముద్ద బంతి కాదు, జానెడు ఎత్తుకి మించని చిన్న రకం. ముద్ద బంతి పెడితే నెల తిరిగేసరికి మిగతావాటి నెత్తిన గొడుగులా నిలబడుతుంది. పెట్యూనియా మన ఎండలకి మార్చిలో చేతులెత్తేస్తుంది. దాన్ని కాపాడాలని మందులు కొట్టి డబ్బు తగలేయకండి, దాని కాలం అంతే.

*జత 3: తూర్పు బాల్కనీకి.* పొద్దున మూడు నాలుగు గంటలే ఎండ పడి, తర్వాత నీడ వచ్చే చోట్లకి. టోరేనియా (చిన్న గంటల్లాంటి పూలు పూసేది) మూడు, మధ్యలో రంగు ఆకుల కోలియస్ ఒకటి. రెంటికీ చెమ్మ కావాలి. పువ్వు తక్కువైన రోజుల్లో కోలియస్ ఆకే తొట్టిని నిలబెడుతుంది. అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లు పూల కోసం పోరాడే బదులు ఇది పెట్టుకుని ప్రశాంతంగా ఉండొచ్చు.

*జత 4: పూజకి కోసుకునేవాళ్లకి.* దీనికి 18 అంగుళాల పెద్ద తొట్టి కావాలి. కోడిజుట్టు పూలు రెండు, జినియా మూడు. జినియాని గింజ నుంచే అదే తొట్టిలో మొలిపించండి, నారు పీకి నాటితే అలుగుతుంది. గాలి ఆడకపోతే ఆకుల మీద తెల్ల బూడిదలాంటి తెగులు వస్తుంది కాబట్టి దగ్గర దగ్గరగా పెట్టొద్దు, ఆకుల మీద నీళ్లు చల్లొద్దు.

కలపకూడనివి: టేబుల్ రోజ్ పక్కన పెట్యూనియా, బిళ్లగన్నేరు పక్కన టోరేనియా. గులాబీ, మందార లాంటి ఏళ్ల తరబడి ఉండే మొక్కల మొదట్లో ఈ పూలేవీ వద్దు. పెద్ద మొక్క వేళ్లు మొత్తం తాగేస్తాయి.

నాటడం: ఒక్కో మెట్టు

1. తొట్టి అడుగున చిటికెన వేలు పట్టే చిల్లులు కనీసం నాలుగు ఉండాలి. ఒక్కో చిల్లు మీద పెంకు ముక్కని బోర్లించండి, లేదా గుప్పెడు కొబ్బరి పీచు పరచండి. అడుగున రెండు అంగుళాలు గులకరాళ్లు పోయమని అందరూ చెప్తారు. దానివల్ల నీళ్లు త్వరగా పోవు. రాళ్ల పైన ఉన్న మట్టిలోనే చెమ్మ ఆగుతుంది, వేళ్లకి చోటు తగ్గుతుంది.

2. మట్టి, ఎరువు, కొబ్బరి పొట్టు, వేపపిండి పొడిగా ఉన్నప్పుడే కలిపి, కొద్దిగా నీళ్లు చల్లండి. గుప్పెట్లో పట్టి నొక్కితే ముద్ద కావాలి, వేలితో తడితే విడిపోవాలి. విడిపోకపోతే ఇంకాస్త ఇసుక కలపండి.

3. పైన రెండు అంగుళాలు ఖాళీ వదిలి నింపండి. అంచు దాకా నింపితే పోసిన నీళ్లు మిద్దె మీదకి, మట్టి డ్రైనేజీ గొట్టంలోకి పోతాయి.

4. నాటక ముందే ఒక పరీక్ష. ముందు మట్టంతా బాగా తడిపి, తర్వాత ఇంకో రెండు చెంబుల నీళ్లు పోయండి. ఒకటి రెండు నిమిషాల్లో అడుగు నుంచి కారడం మొదలవ్వాలి. పది నిమిషాలైనా పైన నీళ్లు నిలిచి ఉంటే ఆ మట్టిలో ఏమీ నాటకండి. బయటికి తీసి మళ్లీ కలపండి. విసుగ్గానే ఉంటుంది గాని మొక్కలు చచ్చాక చేసే పనికన్నా ఇది చిన్నది.

5. మొక్క కొనేటప్పుడు నిండా పూసినది తీసుకోకండి. నాలుగైదు కొమ్మలతో పొట్టిగా, మొగ్గలతో ఉన్నది తీసుకోండి. ఆకు తిప్పి చూడండి. సన్నటి సాలెగూడు కనపడితే నల్లి, చిన్న పచ్చ పురుగులు గుంపుగా ఉంటే పేనుబంక. అలాంటి ఒక్క మొక్క మిగతా ఐదింటినీ పాడు చేస్తుంది.

6. కవర్‌తోనే మొక్కల్ని మట్టి మీద పెట్టి, అటూ ఇటూ జరిపి చూసుకోండి. మొక్కకీ మొక్కకీ మధ్య నాలుగైదు అంగుళాల దూరం కావాలి. ఈరోజు బోసిగా కనపడుతుంది. మీకు ఇంకో రెండు కొనాలనిపిస్తుంది, కొనకండి.

7. కవర్ చించి వేళ్ల ముద్దని చూడండి. కడియం నర్సరీల వైపు నుంచి లారీల్లో వచ్చే మొక్కలు చాలావాటికి వేళ్ల చుట్టూ గట్టి బంకమట్టి ఉంటుంది. దాన్ని అలాగే పెడితే మీరు పోసిన నీళ్లు ఆ ముద్ద పక్కనుంచి జారిపోతాయి, లోపల వేరు ఎండిపోతుంది. తొట్టి నిండా తడి ఉన్నా మొక్క వాడిపోతోందంటే కారణం ఎక్కువసార్లు ఇదే. ముద్దని బకెట్ నీళ్లలో పది నిమిషాలు ముంచి, బయటి మట్టిని వేళ్లతో మెల్లగా రాల్చి, అప్పుడు నాటండి. బిళ్లగన్నేరు వేరు మాత్రం సుకుమారం. దాని ముద్దని నానబెట్టి, పైపైన రెండు మూడు చోట్ల గీరి వదిలేయండి.

8. సాయంత్రం ఐదు దాటాక నాటండి. కవర్‌లో ఎంత లోతున ఉందో అంతే లోతు. కాండం మట్టిలో కూరుకుపోతే మొదలు కుళ్లుతుంది.

9. ఉన్న పూలన్నీ తుంచేయండి. కొనుక్కొచ్చిందే పూల కోసమైతే తుంచమంటారేంటని మా చెల్లెలు పోట్లాడింది. వేరు పట్టకముందే పువ్వుని మోసే మొక్క సాగదు. కొత్త చిగురు కనపడ్డాక ఒక్కో కొమ్మ చివర కూడా గిల్లండి, పక్క కొమ్మలు వేస్తుంది. కోడిజుట్టుని మాత్రం గిల్లొద్దు, దాని అందం ఆ పెద్ద తలలోనే ఉంది.

10. నాలుగు రోజులు నీడలో, తర్వాత మూడు రోజులు పొద్దుటి ఎండలో, ఆ తర్వాతే అసలు చోటుకి. ఎండ నాటుకి ఇది తప్పనిసరి. తొట్టిని ఇటుకల మీద ఎత్తి పెట్టండి. చిల్లులు మూసుకుపోవు, మిద్దె వేడి నేరుగా తగలదు.

నీళ్లు, ఎరువు

రోజుకి ఇన్ని సార్లు అని లెక్క పెట్టుకోకండి. వేలు పెట్టి చూడండి. జత 1కి రెండు కణుపుల లోతు ఎండాక పోయాలి. మిగతా జతలకి ఒక కణుపు ఎండితే చాలు. పోసినప్పుడు అడుగు నుంచి కారేదాకా పోయాలి. రోజూ పైపైన గ్లాసుడు చల్లడం వల్ల వేళ్లు పైకే వస్తాయి, ఒక్క పూట మానేస్తే తలవాలుస్తాయి. పొద్దున ఏడు లోపు పోసేయండి. మే నెలలో జత 4 లాంటి వాటికి సాయంత్రం కూడా కావాలి.

మధ్యాహ్నం రెండింటికి ఆకులు వాలితే కంగారు పడి పోయకండి. ఎండకి అలా వాలడం మామూలే. సాయంత్రం ఆరుకి కూడా లేవకపోతే అప్పుడు వేలు పెట్టి చూడండి. మట్టి తడిగా ఉండి మొక్క వాలిందంటే అది దాహం కాదు, వేరు కుళ్లు. ఆ తేడా తెలియక, వాలినప్పుడల్లా నీళ్లు పోసి చంపేసుకుంటాం. నా మొదటి ఏడాది తొట్లు చూసి పక్కింటి పెద్దమ్మ అడిగింది: "ఏందమ్మా, పూలు పెంచతావా, రొయ్యలు పెంచతావా?"

ఏ నీళ్లు పోస్తున్నారో కూడా చూసుకోండి. తాగేనీళ్ల ఫిల్టర్ బయటికి వదిలే నీళ్లు వృథా ఎందుకని తొట్లలో పోస్తారు. ఆ మెషీన్ వడకట్టిన ఉప్పంతా ఆ నీళ్లలోనే ఉంటుంది. బోరు నీళ్లకన్నా అవి అన్యాయం. ఏసీ నుంచి కారే నీళ్లలో ఉప్పు ఉండదు, వాటిని బోరు నీళ్లతో సగం సగం కలిపి పోయొచ్చు. తొట్టి అంచున, మట్టి మీద తెల్లటి పొర కడితే ఉప్పు పేరుకుందని అర్థం. పై పొర అర అంగుళం గీకి తీసేసి, మంచినీళ్లు రెండు బకెట్లు మెల్లగా పోసి అడుగు నుంచి కారనివ్వండి. నెలకోసారి ఇలా చేస్తే సరిపోతుంది.

ఎరువు నాటిన మూడు వారాల తర్వాతే. 19-19-19 పొడి (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే ఎరువు) లీటరు నీటికి 2 గ్రాములు కలిపి, 15 రోజులకోసారి, తొట్టికి ఒక లీటరు. మట్టి తడిగా ఉన్నప్పుడే పోయాలి, పొడి మట్టిలో పోస్తే వేరు మాడుతుంది. రసాయనాలు వద్దనుకుంటే నెలకి రెండు గుప్పెళ్లు వానపాముల ఎరువు పైన కలిపి గీరండి. పూత కాస్త నెమ్మదిగా వస్తుంది, అంతే తేడా. పొలానికి తెచ్చిన యూరియా ఇంట్లో ఉంది కదా అని గుప్పెడు వేసేవాళ్లకి ఒక మాట. వేరు మాడకుండా బతికితే ఆకు బాగా వస్తుంది, పువ్వు రాదు.

వాడిన పూలు తుంచే పని బంతి, జినియా, పెట్యూనియాకి ఉంది. పూరేకులు మాత్రమే లాగితే లాభం లేదు, కింద గింజ కట్టే బుడిపెతో సహా తుంచాలి. గింజ కట్టిందంటే మొక్క తన పని అయిపోయిందనుకుంటుంది. బిళ్లగన్నేరు, టేబుల్ రోజ్, టోరేనియాల పూలు వాటంతటవే రాలిపోతాయి. బద్ధకస్తులకి, అంటే నాకు, జత 1 నచ్చడానికి అసలు కారణం అది.

సరిగ్గా సాగుతోందా? ఇలా చూసుకోండి

*వారానికి:* కొమ్మని వేలితో మెల్లగా పైకి లాగి చూడండి. కాస్త పట్టు తెలియాలి. కొత్త చిగురు ఒక్కటైనా కనపడాలి.

*మూడు వారాలకి:* పక్క కొమ్మలు వచ్చి ఉండాలి. మొక్క ఒకటే పొడుగ్గా సాగి ఒకవైపు వంగుతుంటే ఎండ చాలడం లేదు. చోటు మార్చండి, లేదా జత 3కి మారిపోండి.

*ఆరు వారాలకి:* పైనుంచి చూస్తే మట్టి కనపడకూడదు. ఆకు ముదురు పచ్చగా, గుబురుగా ఉండి పువ్వు లేకపోతే ఎరువు ఎక్కువైంది, ఒక నెల ఆపండి. కింది ఆకులు పసుపెక్కి రాలుతుంటే ముందు చిల్లులు మూసుకుపోయాయేమో పుల్లతో పొడిచి చూడండి. నీళ్లు బాగానే పోతుంటే అప్పుడు ఎరువు సంగతి ఆలోచించండి.

టేబుల్ రోజ్ పూలు విచ్చుకోవడం లేదని అడిగేవాళ్లు ఏ టైముకి చూస్తున్నారో చెప్పాలి. అవి ఎండ పడితేనే విచ్చుకుంటాయి, మధ్యాహ్నం దాటితే ముడుచుకుంటాయి. పొద్దున ఎనిమిదికి ఆఫీసుకి వెళ్లి సాయంత్రం వచ్చేవాళ్లు ఆదివారం మాత్రమే వాటి మొహం చూస్తారు. వాళ్లు అంచుల్లో దాని బదులు పాకే రకం బిళ్లగన్నేరు పెట్టుకోవడం మేలు.

పురుగు పడితే

పేనుబంక, పిండినల్లి కొత్తగా కనపడగానే గట్టిగా నీళ్ల ధార కొట్టండి. సగం పని అక్కడే అయిపోతుంది. తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కలవడానికి నాలుగు చుక్కల సబ్బు నీళ్లు వేసి బాగా గిలక్కొట్టి, సాయంత్రం ఆకుల అడుగున పడేలా కొట్టండి. ఎండలో కొడితే ఆకు మాడిపోతుంది.

తుఫాను చెప్పినప్పుడు

2023 డిసెంబర్ మొదటి వారంలో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటేలోపు నెల్లూరుని ముంచి పోయింది కదా. ఆ వానకి మా మిద్దె మీద ఎనిమిది తొట్లు ఆరుబయటే వదిలేశాను. వాన తెరిపిచ్చిన నాలుగో రోజుకి బిళ్లగన్నేరు మొక్కలన్నీ మొదట్లో నల్లబడి వాలిపోయాయి. గాంఫ్రీనా సగం మిగిలింది. అప్పటినుంచి అక్టోబర్ రాగానే నేను చేసేది ఇది:

పిట్టగోడ మీద, బాల్కనీ అంచుల మీద ఉన్న తొట్లన్నీ కిందికి దించుతాను. తడిసిన 14 అంగుళాల తొట్టి పాతిక కిలోలకి పైనే ఉంటుంది, గాలికి పడితే కింద ఎవరుంటారో తెలియదు. తొట్ల కింద పెట్టిన పళ్లేలు తీసేస్తాను, వాటిలో నీళ్లు నిలిస్తే దోమలు కూడా. జత 1 తొట్లని సన్‌షేడ్ కిందికి జరుపుతాను. జరపలేనివాటిని ఒకవైపు ఇటుక తీసేసి కాస్త వాలుగా ఉంచుతాను, పైన పడ్డ నీళ్లు అంచు మీదుగా జారిపోతాయి. వాన ఆగిన రోజు మట్టి పై పొర పుల్లతో గీరి గాలి ఆడనిస్తాను. ఎరువు వానలన్నీ అయ్యేదాకా ఆపేస్తాను.

ఇంకో పని కూడా సెప్టెంబర్ చివర్లోనే చేసి పెట్టుకోండి. టేబుల్ రోజ్ కొమ్మలు నాలుగు తుంచి, చిన్న డబ్బాలో ఇసుక మట్టిలో గుచ్చి, వాన పడని కిటికీలో పెట్టండి. బిళ్లగన్నేరు సన్నటి కాయలు పచ్చదనం పోయి పసుపెక్కగానే, పగిలేలోపే కోసి, కాగితం పొట్లంలో కట్టి తేదీ రాయండి. పగిలాక వెతికితే నల్ల గింజలు మట్టిలో కనపడవు. ఆ గింజల్ని జనవరిలో చల్లితే శివరాత్రి నాటుకి నారు సిద్ధంగా ఉంటుంది.